రేడియో పెట్టబోతున్న బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

ప్రియమైన బుజ్జికి,

ప్రభువు నామంలో పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇంకా చెప్పులు విప్పలేదు, మీ అమ్మ ఫోన్. "అక్కా, వీడు ఒంగోల్లో మందుల షాపు మీద గది అద్దెకు తీసుకున్నాడు. రేడియో పెడతాడట. ఇరవై నాలుగు గంటలూ మన పాటలేనట" అని ఒక్క గుక్కలో చెప్పేసింది. సంతోషంతో చెబుతోందో కోపంతో చెబుతోందో దానికే తెలియలేదు. ఫోన్ పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మీ పెదనాన్న ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది. గర్వంగా ఉంది నాన్నా. ఈ పని మా తరంతోనే అయిపోయిందని అనుకున్నాను. భయంగానూ ఉంది. ఆ భయమేమిటో ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీసుకున్నాను. తీరిగ్గా చదువు.

మొదటి రోజు కార్యక్రమంలో మన తెలుగు క్రైస్తవ రేడియో చరిత్ర ఓ అరగంట చెబుతానన్నావట, పెద్దమ్మని అడగమన్నావట. చెబుతాను. ముందు చిన్న చిన్నవి చెప్పేస్తాను, మళ్ళీ మర్చిపోతాను.

గోడలకు ఖరీదైన స్పాంజి షీట్లు కొనకు. అమ్మమ్మ కుట్టిన బొంతలు మీ ఇంట్లో ఆరున్నాయి, అవి వేలాడదీయి. రికార్డింగ్ జరిగేటప్పుడు ఫ్యాన్ ఆపు. కరెంటు పోతే నిలబడే ఇన్వర్టర్ ఉండాలి. మైకుకి జానెడు దూరంలో, కాస్త పక్కకి తిరిగి మాట్లాడు, లేకపోతే 'ప' అన్నప్పుడల్లా టప్పుమంటుంది. మాట్లాడబోయే ముందు పెరుగన్నం తినకు, గొంతు జిగురు కడుతుంది. ఇంకోటి, అరవకు. స్తోత్రం చెప్పినా సరే, మెల్లగా చెప్పు. సభలో నీ ముందు వెయ్యిమంది ఉంటారు. రేడియో దగ్గర ఒక్కరే ఉంటారు, చాలాసార్లు అర్ధరాత్రి, చాలాసార్లు ఏడుస్తూ. వాళ్ళ చెవి పక్కన కూర్చుని మాట్లాడుతున్నాననుకో.

ముందు ఎఫ్.ఎం. పెడదామనుకున్నావని, దొరకదని తెలిసి ఇంటర్నెట్ వైపు తిరిగావని మీ అమ్మ చెప్పింది. మంచి పని చేశావు. 2005 నాటి ప్రైవేటు ఎఫ్.ఎం. విధానంలోనే మత సంస్థల చేతిలో ఉన్న కంపెనీలకు అర్హత లేదని రాసేశారు. ఏ మతమైనా సరే. ఇక కమ్యూనిటీ రేడియో, అంటే ఊరి జనం తమకోసం నడుపుకునే చిన్న రేడియో సంగతి. 2006 చివర్లో దానికి లైసెన్సు స్వచ్ఛంద సంస్థలకు కూడా ఇవ్వడం మొదలుపెట్టాక తెలంగాణలో అప్పటి మెదక్ జిల్లా మాచనూరులో 2008లో సంఘం రేడియో వచ్చింది. దళిత స్త్రీలు నడిపారు. ఎంత బాగుండేదో వాళ్ళ మాట! కానీ ఆ లైసెన్సు వ్యవసాయం, ఆరోగ్యం, చదువు, ఊరి సంస్కృతి లాంటి వాటి కోసం. రోజంతా భక్తి పాటలు వేసుకోవడానికి కాదు. ఎవడో కుర్రాడు చిన్న ట్రాన్స్‌మిటర్ తెచ్చి మేడ మీద పెడదాం అన్నాడట. ఆ మాట మళ్ళీ నీ నోట రాకూడదు. లైసెన్సు లేని ట్రాన్స్‌మిటర్ నేరం. పోలీసులు వస్తే నీతోపాటు ఆ మందుల షాపాయన కూడా స్టేషన్ మెట్లెక్కాలి.

ఇక చరిత్ర అడిగావు కదా. ఈ గడ్డ మీద మనకు స్టేషన్ లేదు కాబట్టే మన పాట సముద్రాలు దాటి వెళ్ళి, సముద్రం మీదుగా తిరిగొచ్చేది. అదే మన రేడియో చరిత్ర అంతా.

నా చిన్నప్పుడు ఊళ్ళో రెండే రేడియోలు. ఒకటి కరణం గారింట్లో, ఒకటి మా నాన్నగారిది. వాల్వు సెట్టు. స్విచ్ వేశాక లోపల లైటు వెలిగి వేడెక్కేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టి ముద్ర వేయించుకోవాలి. 1948 డిసెంబరులో మొదలైన విజయవాడ ఆకాశవాణిలో పండగ రోజుల్లో మన పాటలూ వినిపించేవి. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారు తెలుగు సినిమా పాటలు వేస్తుంటే వీధంతా మా అరుగు మీదే. ఆవిడ మాటలో ఉన్న చనువు విని, ఇలా మాట్లాడితే ఎవరైనా వింటారు కదా అని నాకు అప్పుడే అనిపించింది.

1970లో సీషెల్స్ నుంచి ఫెబా అనే క్రైస్తవ రేడియో మొదలైంది. సీషెల్స్ అంటే హిందూ మహాసముద్రంలో ఆఫ్రికా వైపున్న చిన్న దీవులు. మాహే దీవి ఒడ్డున, నీళ్ళలో ఉన్న పగడపు దిబ్బ మీద యాంటెన్నాలు నిలబెట్టారు. అక్కణ్ణించి మనకు మూడున్నర వేల కిలోమీటర్ల పైనే. షార్ట్‌వేవ్ తరంగం పైకెళ్ళి, ఆకాశంలో రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తున ఉండే పొరకు తగిలి కిందికి వస్తుంది. ఆ పొర పగలు ఒకలా, రాత్రి ఒకలా ఉంటుంది. అందుకే పాట అలలాగా వచ్చేది, పోయేది. చరణం మధ్యలో మాయమై పల్లవి దగ్గర మళ్ళీ తేలేది. మధ్యలో పోయిన మాటలు మేమే పాడి పూడ్చుకునేవాళ్ళం. ఏడాదిలో కొన్నిసార్లు, కాలం మారినప్పుడల్లా, ఫ్రీక్వెన్సీలు మారేవి. ఆ వారం ఊరూరా ముల్లు తిప్పడమే పని.

తరవాత 1978లో శ్రీలంక పుత్తళంలో ట్రాన్స్ వరల్డ్ రేడియో వాళ్ళది వచ్చింది. ఇక్కడ విశ్వవాణి అనేవాళ్ళం. అది మీడియం వేవ్, 882 కిలోహెర్ట్జ్, 400 కిలోవాట్ల బలం. పుత్తళం ఉప్పుమళ్ళ ఊరు, సముద్రం పక్కనే. కృష్ణా, గుంటూరు జిల్లాలకు తొమ్మిది వందల కిలోమీటర్లే. రాత్రయితే లోకల్ స్టేషన్ అంత గట్టిగా వినపడేది. షార్ట్‌వేవ్ లేని చిన్న ట్రాన్సిస్టర్లున్న వాళ్ళకి కూడా మన పాట అప్పుడే చేరింది. పొలం కాపలా వాళ్ళు, రిక్షా వాళ్ళు, పొగాకు ఎండబెట్టే బ్యారన్ల దగ్గర రాత్రంతా మంట చూసే వాళ్ళు. ఇక మనీలా నుంచి రేడియో వెరితాస్ ఆసియా. 1969లో పెట్టిన క్యాథలిక్ స్టేషన్, అందులో తెలుగు విభాగం ఉండేది. మనం బాప్టిస్టులం అయినా మా నాన్నగారు అదీ వదలకుండా వినేవారు. "పాటకి డినామినేషన్ ఏంటే?" అనేవారు. నీ రేడియోలో లూథరన్, బాప్టిస్టు, పెంతెకోస్తు, క్యాథలిక్ అన్న గోడలు పెట్టావంటే ఆయన మనవడివి కాదు.

వీటిలో కొన్ని ఆగిపోతూ వచ్చాయి. సీషెల్స్ స్టేషన్ 2003లో మూసేశారు. వెరితాస్ షార్ట్‌వేవ్ 2018 జూన్ 30తో ఆగి, మిగతాదంతా ఇంటర్నెట్‌కి వెళ్ళింది. ఆ ట్రాన్స్‌మిటర్లు తాగే కరెంటు అంతా ఇంతా కాదు. వినేవాళ్ళేమో టీవీలకి, ఫోన్లకి వెళ్ళిపోయారు. ఎవర్నీ తప్పు పట్టను. కానీ సీషెల్స్ ఆగిందని తెలిసిన రోజు రాత్రి నేను లేచి రేడియో పెట్టి అదే మీటర్ మీద ముల్లు ఉంచాను. గరగర తప్ప ఏమీ లేదు. ఆ గరగర కూడా ఆపబుద్ధి కాలేదు.

నేను ఈ పనిలోకి వచ్చింది 1976లో. గుంటూరులో ఒక లాడ్జి వెనక రెండు గదులు. ఒకదాంట్లో హార్మోనియం, తబలా, రెండు మైకులు. ఇంకోదాంట్లో స్పూల్ మిషను, ఉత్తరాల బస్తాలు. ఏడు అంగుళాల స్పూలు మీద 1,200 అడుగుల టేపు. సెకనుకి ఏడున్నర అంగుళాలు నడిపితే 32 నిమిషాలు. పదిహేను నిమిషాల కార్యక్రమాలు రెండు సరిపోయేవి. రికార్డు చేసి, ప్యాక్ చేసి, విదేశానికి పార్సిల్ వేస్తే అది గాల్లోకి వచ్చేసరికి ఆరేడు వారాలు. ఈ ఆరేడు వారాలు గుర్తుపెట్టుకో, ముందు ముందు పనికొస్తుంది.

1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్ళు ఊళ్ళే కొట్టుకుపోయాయి. మా ట్రాన్సిస్టర్ నాలుగో రోజో ఐదో రోజో పెట్టాను. పెడితే నా గొంతే వచ్చింది, నవ్వుతూ. "ఈ సాయంకాలం ఒక చక్కని పాట విందాం" అని. సముద్రం మీద తుఫాను ఆగిపోయిన పాట. సెప్టెంబరులో, ఎండగా ఉన్న రోజున రికార్డు చేశాం. అక్కడ చెట్ల కొమ్మల నుంచి శవాలు దింపుతున్న వారంలో అది గాల్లోకి వచ్చింది. ఆపడానికి నా చేతిలో ఏమీ లేదు, టేపు సముద్రానికి అవతల ఉంది. రేడియో కట్టేసి చీర చెంగు నోట్లో కుక్కుకున్నాను. నీకు ఆ ఇబ్బంది లేదు. నీ పాటలు నీ కంప్యూటర్లోనే ఉంటాయి. కానీ నువ్వు కూడా వారానికి సరిపడా పాటలు ఒకేసారి పేర్చి, మిషనుకి అప్పగించి పడుకుంటావని నాకు తెలుసు. పడుకో, కానీ రోజూ పొద్దున్నే పేపరు చూసి, ఆ రోజు పాటల పట్టిక ఒక్కసారి కళ్ళతో చదువు. వద్దనిపించినది తీసెయ్. ఐదు నిమిషాల పని.

పాటల హక్కుల సంగతి. దీని గురించి మా చర్చిలో ఉన్న లాయరు గారి దగ్గర కూర్చుని చెప్పించుకున్నాను, నీకోసమే. "దేవుని పాటకి హక్కులేంటి?" అని మనవాళ్ళు అంటారు, నువ్వు అనకు. రాసినాయన పోయాక 60 ఏళ్ళదాకా పాట మీద హక్కు ఆయన కుటుంబానిదో, ఆయన ఎవరికి రాసిచ్చాడో వాళ్ళదో. పురుషోత్తమ చౌదరి గారు 1890లో పోయారు, ఆయన కీర్తనలు ఎవరైనా పాడుకోవచ్చు. కానీ అదే కీర్తనని పోయినేడాది ఎవరో స్టూడియోలో పాడి రికార్డు చేస్తే ఆ రికార్డు మాత్రం వాళ్ళది. రికార్డుకి విడిగా 60 ఏళ్ళు. చర్చిలో ఆరాధనలో పాడుకోవడానికి చట్టమే మినహాయింపు ఇచ్చింది, రేడియోకి అది వర్తించదు. ఇంకో ముఖ్యమైన సంగతి. రేడియో వాళ్ళు యజమాని ఒప్పుకోకపోయినా చట్టం ప్రకారం డబ్బు కట్టి పాట వేసుకునే దారి ఒకటుంది. అది ఇంటర్నెట్‌కి పనికిరాదని 2019లో బొంబాయి హైకోర్టు చెప్పింది. 2022లో పెద్ద బెంచి కూడా అదే ఖాయం చేసింది. కాబట్టి నీకున్న దారి ఒకటే, వెళ్ళి అడగడం. ఒక్కొక్కరినీ అడుగు. కాగితం మీద సంతకం పెట్టించుకో. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెట్టారని సరిపెట్టుకోకు.

అడగడానికి వెళ్ళినప్పుడు ఒక పని చెయ్. పాట ఎవరు రాశారు, ఎవరు పాడారు, తబలా ఎవరు, అన్నీ రాసుకో. పాటకి ముందు చెప్పు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి చూడు, అదీ చెప్పు. మన పెద్దలు ఇంగ్లీషు ట్యూన్లకే ఆగిపోకుండా మోహన, ఆనందభైరవి పట్టుకున్నారని ఇప్పటి పిల్లలకు ఎవరు చెబుతారు? కీబోర్డు వాయించే మీ చర్చి కుర్రాళ్ళకి ఆ పుస్తకంలో ముప్పావు వంతు ట్యూన్లు రావు. పల్లెల్లో ఇంకా డెబ్భై ఏళ్ళు దాటిన అమ్మలు ఉన్నారు, వాళ్ళకి వచ్చు. ఫోన్ పట్టుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళు. ఇది ఈ ఏడాదే చెయ్. వచ్చే ఏడాదికి వాళ్ళలో ఎంతమంది ఉంటారో తెలియదు.

ఇప్పుడు నేను అసలు రాయడానికి కూర్చున్నది రాస్తాను.

1981 ప్రాంతం. మాకు "మీరు కోరిన పాట" అని వారానికోసారి ఉండేది. మమ్మల్ని ఎంతమంది వింటున్నారో తెలుసుకోవడానికి ఉత్తరాలు తప్ప వేరే కొలత లేదు. నెలాఖరుకి ఉత్తరాల లెక్క పైకి పంపాలి. లెక్క తగ్గితే కార్యక్రమం తీసేస్తారేమోనని టెన్షన్. పేరు, ఊరు, ఇంటిపేరు అన్నీ చదివితే ఆ ఊళ్ళోవాళ్ళు మురిసిపోయి ఇంకో పది ఉత్తరాలు రాస్తారు. అది నిజమే. నేను బాగా చదివేదాన్ని. పేరు పలికేటప్పుడు ఆ మనిషిని పలకరించినట్టు ఉండేదని అందరూ మెచ్చుకునేవాళ్ళు. నాకూ అది ఇష్టంగా ఉండేది.

ఒక ఇన్‌లాండు లెటరు వచ్చింది, పల్నాడు వైపు ఊరు. ఆడమనిషి రాత, పెద్ద పెద్ద అక్షరాలు. పెళ్ళప్పుడు తమ్ముడు కొనిచ్చిన చిన్న ట్రాన్సిస్టర్ ఉందట. అందరూ పడుకున్నాక దాన్ని బియ్యం డబ్బా వెనక నుంచి తీసి, చెవికి ఆనించుకుని, పైన దుప్పటి కప్పుకుని వింటుందట. వాళ్ళమ్మ పాడే పాట ఒకటి రాసి, అమ్మ పోయింది, ఆ పాట ఒక్కసారి వేయండమ్మా అని అడిగింది. అంతే. తన పేరు చెప్పొద్దని ఎక్కడా రాయలేదు. కానీ బుజ్జీ, జవాబు రాయాల్సిన అడ్రసు దగ్గర తన ఇల్లు రాయలేదు. ఆ ఊళ్ళో బట్టలు కుట్టే ఒకావిడ పేరు రాసి, "ద్వారా" అని పెట్టింది. బియ్యం డబ్బా వెనక అని చదివాను. దుప్పటి కప్పుకుని అని చదివాను. "ద్వారా" అని చదివాను. మూడూ చదివాను, ఒక్కటీ నా బుర్రకి ఎక్కలేదు. ఎంత మంచి ఉత్తరం, ఎంత బాగా చదవొచ్చు అనుకున్నాను.

చదివాను. పేరు చదివాను, ఇంటిపేరు చదివాను, ఊరు చదివాను. దుప్పటి సంగతి కూడా చదివాను. గొంతులో కాస్త తడి పెట్టి చదివాను. ఆ పాట మా అందరిలోకీ బాగా పాడే అమ్మాయి చేత పాడించాను. స్టూడియోలో కళ్ళు తుడుచుకున్నారు. టేపు పార్సిల్ వెళ్ళింది. ఆరేడు వారాలు నా చేతిలో ఉన్నాయి. ఇంకో ఉత్తరం రాసి, తరవాత పార్సిల్లో వేరే టేపు పంపి, అది ఆపించొచ్చు. ఒక్కసారైనా నాకు తట్టలేదు.

రెండు నెలల తరవాత ఒక కార్డు వచ్చింది. రాత వేరు. బట్టలు కుట్టే ఆవిడ రాసింది. "అమ్మగారికి వందనాలు. ఇకమీదట ఆ అమ్మాయి పేరు చదవకండి. టీకొట్టులో అందరూ విన్నారు. రేడియో అమ్మేశారు. మా ఇంటికి కూడా ఉత్తరం పంపకండి."

అంతే ఉంది అందులో. రేడియో అమ్మేశారు అన్న దానికి ముందు ఏం జరిగిందో లేదు. నేను బస్సెక్కి వెళ్తానన్నాను. మా స్టూడియోలో పెద్దాయన వద్దన్నారు. "నువ్వెళితే ఊరంతా రెండోసారి తెలుస్తుంది" అన్నారు. ఆయన మాట నిజం. వెళ్ళలేదు. ఆ అమ్మాయి దగ్గర నుంచి మళ్ళీ ఏమీ రాలేదు. తమ్ముడు కొనిచ్చిన రేడియో. అమ్మ పాట. దాని బతుకులో దానికంటూ ఉన్నది రాత్రి పదిహేను నిమిషాలు. అది నేను తీసేశాను. మతం మారిందని కొట్టారో, మొగుడికి తెలియకుండా ఉత్తరం రాసిందని కొట్టారో, అసలు కొట్టలేదో, నాకు తెలియదు. ఇప్పటికీ పల్నాడు బస్సు చూస్తే లోపల ఏదో బిగుసుకుంటుంది.

ఆ తరవాత నేను ఆడవాళ్ళ పేర్లు చదవడం మానేశాను. "మాచర్ల వైపు నుంచి ఒక సోదరి" అనేదాన్ని. ఉత్తరాల లెక్క తగ్గింది. తిట్లు తిన్నాను. తిన్నా మానలేదు. కొన్నేళ్ళకి గదులు మారేటప్పుడు ఉత్తరాల బస్తాలన్నీ కిలోల లెక్కన కాగితాలవాడికి వేశారు. నాకు చెప్పకుండా వేశారని అందరి మీదా అరిచాను. కానీ ఆ ఇన్‌లాండు లెటరు కూడా అందులోనే పోయిందని తెలిసి కాస్త ఊరట పడ్డాను. ఆ పేరు ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు. నీకు కూడా చెప్పను.

నువ్వు అంటావు, ఇప్పుడు ఎవరికి వాళ్ళకి ఫోన్ ఉంది, చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది, ఎవరికి తెలుస్తుంది పెద్దమ్మా అని. నాకు ఇప్పుడే ఎక్కువ భయం. మా కాలంలో పేరు చదివేదాన్ని నేనొక్కదాన్నే. నీ కాలంలో నువ్వు నోరు విప్పకుండానే ఫోనే చెప్పేస్తుంది. శ్రోతలందరితో వాట్సాప్ గ్రూపు పెడతానన్నావట. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనపడతాయి. వద్దు. ఛానల్ పెట్టు, దాంట్లో ఒకరి నంబరు ఇంకొకరికి కనపడదట, మన పక్కింటి అమ్మాయి చూపించింది. యాప్ చేయిస్తే "మీరు కోరిన పాట వస్తోంది" అని స్క్రీన్ మీద మెరిసే మెసేజీలు పెట్టకు. చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళ చేతిలో ఉండే ఫోన్ వాళ్ళది కాదు. మొగుడిదో, కొడుకుదో. పాట అడగడానికి పేరు తప్పనిసరి చేయకు, లొకేషన్ అసలే అడగకు. వాయిస్ మెసేజ్ పంపితే గాల్లోకి వదలకు. పేరు లేకపోయినా గొంతు గుర్తుపడతారు, ఊళ్ళల్లో దగ్గు కూడా గుర్తుపడతారు. వాళ్ళు స్వయంగా "నా పేరు చెప్పండి" అని రాస్తేనే చెప్పు. అడ్రసు దగ్గర ఏదైనా తేడాగా ఉంటే, మాట దాచినట్టు ఉంటే, అర్ధరాత్రి మాత్రమే మెసేజ్ వస్తుంటే, ఆగు. ఆలోచించు. నేను ఆగలేదు.

ఎంతమంది వింటున్నారో నీ కంప్యూటర్లో అంకె కనపడుతూ ఉంటుందట కదా, క్షణక్షణానికీ. దాన్ని వారానికోసారి చూడు చాలు. నన్ను పాడుచేసింది ఆ లెక్కే.

ఇంకొకరి దేవుణ్ణి ఒక్క మాట అనకు, ఎవరినీ అననివ్వకు. ప్రసంగం పంపుతామని పాస్టర్లు వస్తారు. పాటల రేడియో అండీ అని దండం పెట్టి పంపు. మందుల షాపాయన అద్దె తక్కువ తీసుకుంటున్నాడట, ఆయన మనవాడు కాదట. ఆయన కూడా కూర్చుని వినగలిగే రేడియో నడుపు.

డబ్బు. ప్రసారంలో కానుకలు అడగకు. డాలస్‌లో ఉన్న మీ బాబాయి నెలనెలా పంపుతానన్నాడని విన్నాను. వాడు అక్కడ పౌరసత్వం తీసుకున్నాడు. అలా తీసుకున్నవాళ్ళు మన రక్తమే అయినా, చట్టం లెక్కలో అది విదేశీ డబ్బే. మత సంబంధమైన పనికి దాన్ని తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం కింద ఎఫ్.సి.ఆర్.ఎ. రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేకుండా ఒక్క రూపాయి రేడియో ఖాతాలో పడకూడదు. ఇండియన్ పాస్‌పోర్టు మీదే దుబాయ్‌లో ఉన్న చిన్నోడి డబ్బుకు ఆ చిక్కు లేదు. ఏదైనా ఒక ఆడిటర్ని కలిసి అడుగు, నా మాట మీద ఉండకు. లెక్కల పుస్తకం మీ అమ్మ చేత రాయించు. దానికి పైసా తేడా రాదు.

ఆఖరుగా టేపులు. నా దగ్గర పదకొండు స్పూళ్ళు ఉన్నాయి. వందల్లో ఉండాల్సినవి. టేపు ఖరీదని చెరిపి, దానిమీదే మళ్ళీ రికార్డు చేసేవాళ్ళం. చెరిపింది చాలావరకు ఈ చేతులే. ఈ పదకొండూ నీకే. కానీ ఎక్కడో పాత మిషను దొరికిందని టక్కున పెట్టేయకు. బూజు పట్టి ఉన్నాయి, అతుక్కుని ఉన్నాయి, తెగిపోతాయి. ఈ పని తెలిసినవాళ్ళ చేత ఒక్కసారే, నెమ్మదిగా ఎక్కించాలి. ఎక్కించినది ఎం.పి.3 చేసి ఊరుకోకుండా పెద్ద ఫైలు పెద్దగానే దాచు. ఒక కాపీ నీ దగ్గర, ఒకటి ఇంకో ఊళ్ళో. ఏడో నంబరు డబ్బాలో మీ తాతగారు పాడిన కీర్తన ఉంది, ఒక్కటే. దగ్గు వస్తుంది మధ్యలో, తీసేయకు.

క్రిస్మస్ ముందు వారం మొదలుపెడుతున్నావన్నారు. వస్తాను. మోకాళ్ళు బాగాలేవు, మీ పెదనాన్నకి కూడా కంటి ఆపరేషన్ అయింది, అయినా వస్తాం. పెద్దమ్మ చేత ప్రారంభోత్సవం, మైకులో రెండు మాటలు అంటూ ఏమీ పెట్టకు. నువ్వు మాట్లాడు, నేను పక్క గదిలో కూర్చుని వింటాను. ఆ మేడకి మెట్లు ఎన్నో లెక్కపెట్టి, చేత్తో పట్టుకోవడానికి కడ్డీ ఉందో లేదో చూసి మీ అమ్మ చేత ఫోన్ చేయించు. ఇరవై దాటితే మధ్యలో ఒక కుర్చీ వేయించు.

నీ
పెద్దమ్మ